తరగతి గదిలో కంప్యూటరు, సెల్‌ఫోను - ఒక ఛాత్రోపాధ్యాయుని ఆలోచనలు



వార్షికోత్సవ సంచికకు చదువుకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గంలోని తమ్ముళ్ళు అడిగారు. నేను ప్రస్తుతం బి.ఇడి. రెండవ సంవత్సరం చదువుతున్నాను. భౌతిక, రసాయన శాస్త్రాలు నా మెథడాలజీ. టీచింగ్ ప్రాక్టీసు కోసం ఒక ఉన్నత పాఠశాలకు వెళ్ళి పాఠాలు చెబుతున్నాను. డీఎస్సీ రాసి ఏదో ఒక ఊరి బడిలో ఉపాధ్యాయుడిగా నిలబడాలన్నది నా కోరిక. ఆ రోజున నా తరగతిలో నల్లబల్లతో పాటు తెర, ప్రొజెక్టరు, ఇంటర్నెట్టు ఉంటాయి. నా జేబులో సెల్‌ఫోను ఉంటుంది. అడిగినదానికల్లా జవాబు చెప్పే కృత్రిమ మేధ ఆ ఫోనులోనే ఉంటుంది. వీటిని ఎలా వాడాలి, ఎక్కడ వాడకూడదు, వాడినప్పుడు ఎవరు వెనకబడిపోతారు అనే విషయాలపై నేను చదివినవి, చూసినవి మీ ముందుంచుతున్నాను. మా బి.ఇడి. పుస్తకాల్లో ఈ అంశం మీద పాఠం ఉంది గాని, అందులో హాస్టలు పిల్లవాడు ఎక్కడా కనబడడు. అందుకే ఇక్కడ రాయాలనిపించింది.

కొత్త యంత్రం, పాత ప్రశ్న

బడిలోకి యంత్రం రావడం ఇది మొదటిసారి కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు మన దేశంలో ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాది పాటు తీసుకొని ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగులో కూడా కార్యక్రమాలు తయారయ్యాయి. ఉదయం పూట బడి పిల్లలకు, సాయంత్రం పూట ఊరి పెద్దలకు. తర్వాత 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచే చదువు కోసం ప్రత్యేకంగా తయారైన ఎడ్యుశాట్ ఉపగ్రహం వెళ్ళింది. 2017 సెప్టెంబరు 5న దీక్షా వేదిక ప్రారంభమై, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు.

ఇవన్నీ మంచి ఉద్దేశంతో జరిగినవే. నేను వీటిని తక్కువ చేయడం లేదు. కాని సాధారణంగా మనం ఎన్ని పెట్టెలు ఇచ్చారు, ఎన్ని బడులకు చేరాయి అనే లెక్క దగ్గరే ఆగిపోతాం. ఆ పెట్టె వచ్చిన తర్వాత మాస్టారు ఏం చేస్తున్నారు అన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు చెప్పిన పరిశోధనలు రెండు మూడు మన దేశంలోనే జరిగాయి. అవి చదివిన తర్వాత నా ఆలోచన మారింది.

గుజరాత్‌లోని వడోదర నగరంలో మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలకు ఆ రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో బడికి నాలుగేసి కంప్యూటర్లు ఇచ్చింది. 2002-04 మధ్య ‘ప్రథమ్’ సంస్థ వాటితో నాలుగో తరగతి పిల్లలకు లెక్కల ఆటలు ఆడించింది. వారానికి రెండు గంటలు మాత్రమే. ఒక్కో కంప్యూటరు దగ్గర ఇద్దరు పిల్లలు. పిల్లవాడి స్థాయిని బట్టి లెక్క కష్టమవుతూ పోతుంది. ఫలితంగా గణితంలో మార్కులు స్పష్టంగా పెరిగాయి. అయితే ఆ కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయిందని కూడా ఆ పరిశోధకులే రాశారు.

అదే గుజరాత్‌లో జ్ఞానశాల అనే సంస్థ నడిపే బడుల్లో లీ లిండెన్ అనే ఆర్థికవేత్త ఇంకో పరిశీలన చేసి 2008లో ప్రకటించారు. ఇది నాకు అన్నింటికంటే ముఖ్యమైనదిగా తోచింది. కంప్యూటరు పాఠాన్ని రెండు విధాలుగా పెట్టి చూశారు. కొన్ని బడుల్లో మాస్టారు పాఠం చెప్పే సమయంలోంచి కొంత తీసి కంప్యూటరుకు ఇచ్చారు. మరికొన్ని చోట్ల బడి సమయం ముట్టుకోకుండా, బడి అయిపోయాక అదనంగా కంప్యూటరు పెట్టారు. మొదటి పద్ధతిలో పిల్లలు మామూలు పిల్లలకంటే లెక్కల్లో వెనకబడ్డారు. రెండో పద్ధతిలో ముందుకెళ్ళారు. అందులోనూ చదువులో బాగా వెనకబడినవారికే ఎక్కువ లాభం జరిగింది. కంప్యూటరు అదే, పాఠమూ అదే. ఒకచోట మాస్టారి స్థానంలో కూర్చుంది, ఇంకోచోట మాస్టారి తర్వాత వచ్చింది.

ఢిల్లీలో ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు నడిపిన సాయంత్రం కేంద్రాలపై 2019లో ప్రచురితమైన అధ్యయనం కూడా దీనికి దగ్గరగానే ఉంది. అక్కడ రోజుకు తొంభై నిమిషాలు. అందులో నలభై ఐదు నిమిషాలు కంప్యూటరు, మిగతా నలభై ఐదు నిమిషాలు చిన్న బృందంతో ఒక టీచరు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో మంచి ప్రగతి కనిపించింది. దీనికి భిన్నంగా పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు తలా ఒక లాప్‌టాప్ ఇచ్చారు. భాషలోగాని, లెక్కల్లోగాని మార్కులు పెరగలేదని 2012లో తేలింది. యంత్రం ఇచ్చారు గాని బోధన మారలేదు.

మన స్టడీ అవర్ సంగతి

తమ్ముళ్ళూ! బడి తర్వాత, సాయంత్రం పూట, అదనంగా అంటే అర్థమేమిటి? అది మన స్టడీ అవరే. ఇంటి నుంచి బడికి వచ్చే పిల్లలకు ఈ ఏర్పాటు చేయాలంటే ప్రత్యేకంగా కేంద్రం పెట్టాలి, వారిని రప్పించాలి. మనకు పిల్లలు ఉన్నారు, గది ఉంది, గంట కొడితే అందరూ వచ్చి కూర్చుంటారు. ఇంతటి అనుకూలత వేరే ఎవరికీ లేదు. మన హాస్టలులో ఉన్న రెండు కంప్యూటర్లు వడోదర లెక్కన నలుగురికి ఒక విడతకు సరిపోతాయి. నలభై ఐదు నిమిషాల చొప్పున సాయంత్రానికి రెండు విడతలు వేసుకుంటే వారంలో ఆరు రోజులకు నలభై ఎనిమిది సీట్లు. ఒక్కొక్కరికి వారానికి రెండుసార్లు అనుకుంటే ఇరవై నాలుగు మంది.

ఆ ఇరవై నాలుగు మంది ఎవరు అన్నదే పేచీ. నేను హాస్టలులో ఉన్నప్పుడు గమనించిన విషయం ఒకటుంది. మౌసు ఎప్పుడూ ఇంగ్లీషు బాగా వచ్చినవాడి చేతిలోనే ఉంటుంది. మిగతావారు వెనక నిలబడి చూస్తారు. లిండెన్ పరిశీలన ప్రకారం ఎక్కువ లాభపడేది వెనక నిలబడ్డవాడు. కాబట్టి జాబితా రాసేటప్పుడు తరగతిలో భాగహారం దగ్గర ఆగిపోయినవారి పేర్లు ముందు రాయండి. జంటలో ఇద్దరికీ చేతులు మారేలా పదేసి నిమిషాలకు సీటు మార్చండి. పక్కన ఒక పెద్ద తరగతి విద్యార్థి కూర్చోవాలి. ఎందుకంటే కంప్యూటరు ‘తప్పు’ అని చెబుతుంది గాని, ఎందుకు తప్పయిందో ఆ పిల్లవాడి మాటల్లో అడిగి తెలుసుకోలేదు. వార్డెను సారు అనుమతిస్తే దీన్ని పరీక్షల తర్వాత మొదలుపెట్టవచ్చు.

చూపించేది, చేయించేది

ఇక తరగతి గదిలో నా అనుభవం కొంత చెబుతాను. పదో తరగతిలో విద్యుత్ మోటారు పాఠం ఉంది. నల్లబల్ల మీద తీగచుట్ట, అయస్కాంతం, కమ్యుటేటరు గీసి, ఇది సగం తిరిగాక విద్యుత్తు దిశ మారుతుంది అని చెబితే పిల్లలు తలూపుతారు. గీసిన బొమ్మ తిరగదు కదా! ఇక్కడ వీడియో నిజంగా పనికివస్తుంది. తీగచుట్ట నెమ్మదిగా తిరగడం, సగం చుట్టు దగ్గర కమ్యుటేటరు ముక్కలు ఒక బ్రష్ నుంచి ఇంకో బ్రష్‌కు మారడం కంటికి కనబడుతుంది. నేను రెండు నిమిషాల వీడియోను పావుగంట నడిపాను. సగం చుట్టు దగ్గర ఆపి, “ఇప్పుడు ఈ కమ్యుటేటరు లేకపోతే ఏమవుతుంది?” అని అడిగాను. ఆగిపోతుంది అన్నారు కొందరు, వెనక్కి తిరుగుతుంది అన్నారు కొందరు. వాదన మొదలయ్యాక మాత్రమే మళ్ళీ నడిపించాను.

వీడియో అంతటితో ముగించాను. మరునాడు మోటారు చేయించాను. ఖర్చు దాదాపు ఏమీ లేదు. మోటారు వైండింగ్ షాపులో మిగిలిపోయిన ఎనామిల్ రాగి తీగ, పాడైన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం, ఒక టార్చిలైటు సెల్లు, రెండు పిన్నీసులు. తీగను పది పదిహేను చుట్లు చుట్టి, రెండు కొసలు ఎదురెదురుగా బయటకు తీయాలి. ఒక కొసకు ఎనామిల్ మొత్తం గీకాలి. రెండో కొసకు ఒక వైపు మాత్రమే, అంటే సగమే గీకాలి. సెల్లుకు రెండు చివర్లా బిగించిన పిన్నీసుల కన్నాల్లో ఆ కొసలు పెట్టి, కింద అయస్కాంతం ఉంచి, వేలితో కొంచెం తోస్తే గిర్రున తిరుగుతుంది. రెండు కొసలూ పూర్తిగా గీకిన జట్టుది ఊగి ఆగిపోయింది. ఎందుకు అని వాళ్ళే వెతుక్కున్నారు. సగం గీకిన కొసే సగం చుట్టుసేపు విద్యుత్తును ఆపి, ఇక్కడ కమ్యుటేటరు పని చేస్తోందని తెలిసినప్పుడు ముందురోజు చూసిన వీడియో వారికి పూర్తిగా అర్థమయింది.

కాబట్టి నేను పెట్టుకున్న నియమం ఇది. చేతితో చేయగలిగినదాన్ని తెర మీద చూపించను. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడటం పిల్లవాడు స్వయంగా ఊది చూడాలి. దానికి కిరాణా కొట్టు సున్నం చాలు. కంటికి అందనివి, చాలా పెద్దవి, చాలా చిన్నవి, ప్రమాదకరమైనవి తెర మీద చూపిస్తాను. గ్రహణం, అణువుల కదలిక, నీటిలో సోడియం వేస్తే మండటం లాంటివి.

చిన్న జాగ్రత్తలు కొన్ని. వీడియో ముందురోజు రాత్రే డౌన్‌లోడ్ చేసి చివరిదాకా చూడాలి. మధ్యలో ఏ ప్రకటన వస్తుందో చెప్పలేం. కరెంటు పోతే సుద్దముక్కతో పాఠం సాగేలా పథకం సిద్ధంగా ఉండాలి. వెనక బెంచీలో కూర్చొని తెర మీద అక్షరాలు చదవాలి. మనకు కనబడకపోతే అక్కడి పిల్లలకూ కనబడదు. పాఠం చెప్పడానికి పుస్తకంలో కొంత భాగం నకలు తీసుకోవడానికి 1957 కాపీరైటు చట్టం ఉపాధ్యాయునికి, విద్యార్థికి వీలు కల్పిస్తోంది. పుస్తకం మొత్తం పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో పంచడం వేరే సంగతి.

హోంవర్కు ఎవరి ఫోనుకు పోతోంది?

2020 మార్చిలో బడులు, హాస్టళ్ళు మూతపడ్డాయి. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఛానల్‌లో ‘విద్యా వారధి’ పాఠాలు వచ్చాయి. అప్పుడే వాట్సాప్‌లో హోంవర్కు పంపే అలవాటు కూడా స్థిరపడింది. గ్రామీణ విద్యపై వెలువడే ‘అసర్’ నివేదిక ప్రకారం దేశంలో బడిలో చేరిన పిల్లల ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020లో 61.8 శాతం. పెరుగుదల గొప్పదే. కాని మిగిలిన 38 మంది సంగతి ఏమిటి? 2023 అసర్ నివేదిక 14-18 ఏళ్ళవారి గురించి చెప్పింది. ఫోను వాడటం వచ్చినవారిలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం. మన ఇళ్ళలో చెల్లెళ్ళ పరిస్థితి ఈ అంకెలోనే ఉంది.

హాస్టలు పిల్లవాడి సంగతి ఇంకో రకం. వాడి దగ్గర ఫోను ఉండదు. బడి రికార్డులో ఉన్న నంబరు నలభై కిలోమీటర్ల దూరంలో మిరపచేలో కూలికి వెళ్ళిన అమ్మది. తరగతి గ్రూపులో రాత్రి ఎనిమిదికి పెట్టిన హోంవర్కు అమ్మ ఫోనుకు చేరుతుంది. ఆమె చదవలేదు. చదవగలిగినా, వార్డెను సారుకు ఫోను చేసి చెప్పాలి. ఉదయం తరగతిలో “గ్రూపులో పెట్టాను కదా, ఎందుకు చేయలేదు?” అని నిలబెడతారు. ఆ ప్రశ్న వేసిన మాస్టారు చెడ్డవారేమీ కాదు. హాస్టలు పిల్లవాడి చేతిలో ఫోను ఉండదన్న ఆలోచన ఆయనకు రాలేదు, అంతే. నేను పాఠం చెప్పే బడిలో హోంవర్కు బెల్లు కొట్టకముందే నల్లబల్ల మీద రాస్తాను. గ్రూపులో పెట్టినా అది గుర్తు చేయడానికే గాని, అక్కడ మాత్రమే ఉండే పని ఏదీ ఇవ్వను. తమ్ముళ్ళూ, మీకు ఇలాంటిది ఎదురైతే సిగ్గుపడకుండా లేచి “సార్, హాస్టలులో ఫోను ఉండదు, బోర్డు మీద రాయండి” అని అడగండి. అడగడం మీ హక్కు.

జవాబు చెప్పే యంత్రం

కృత్రిమ మేధ విషయం ఇప్పుడు అందరి నోటా ఉంది. 2023 సెప్టెంబరులో యునెస్కో దీనిపై మార్గదర్శకాలు ఇస్తూ, తరగతిలో పిల్లలు స్వయంగా వాడటానికి కనీస వయసు 13 ఏళ్ళుగా పెట్టాలని సూచించింది. నేను దీన్ని ప్రశ్నపత్రం తయారీకి, ఒకే పాఠానికి మూడు స్థాయిల్లో ప్రశ్నలు రాసుకోవడానికి వాడుతున్నాను. ప్రతి ప్రశ్ననూ పాఠ్యపుస్తకంతో సరిచూస్తాను. పిల్లల పేర్లు, మార్కులు అందులో ఎక్కించను.

ఒకసారి కటకాల లెక్క ఇచ్చాను. కుంభాకార కటకం నాభ్యంతరం 10 సెం.మీ., వస్తువు 15 సెం.మీ. దూరంలో ఉంది, ప్రతిబింబం ఎక్కడ? అది వస్తుదూరానికి రుణ గుర్తు పెట్టకుండా లెక్కచేసి 6 సెం.మీ. అని ఎంతో నమ్మకంగా చెప్పింది. దాన్ని దిద్దకుండా అలాగే బోర్డు మీదకు ఎక్కించి, ఇది సరైనదో కాదో చెప్పమన్నాను. కాసేపటికి వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, “వస్తువు నాభికీ వక్రతా కేంద్రానికీ మధ్యన ఉంటే ప్రతిబింబం వక్రతా కేంద్రం అవతల పడాలి గదా సార్, ఆరు ఎట్లా వస్తది?” అన్నాడు. తర్వాత గుర్తు సరిచేసి 30 సెం.మీ. రాబట్టారు. కిరణ చిత్రం గీయడం వచ్చినవాడు యంత్రాన్ని పట్టుకోగలిగాడు. రానివాడు ఆరునే రాసుకునేవాడు. అసైన్‌మెంట్లు దీనితో రాయించుకునే మా బి.ఇడి. మిత్రులకు కూడా నేను ఇదే ఉదాహరణ చెబుతుంటాను. వినేవారు తక్కువే అనుకోండి.

ఫోటో తీసే ముందు

మనం చిన్నప్పటి నుంచి ఎన్నో ఫోటోల్లో ఉన్నాం. దుప్పట్లు పంచినప్పుడు, నోటు పుస్తకాలు ఇచ్చినప్పుడు, పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు. ఇచ్చేవారి మనసు మంచిదే కావచ్చు. ఒకప్పుడు ఆ ఫోటో ఆల్బంలోనో, ఆఫీసు ఫైల్లోనో ఉండేది. ఇప్పుడది క్షణంలో స్టేటస్‌లోకి వెళ్ళి ఎప్పటికీ ఉండిపోతుంది. రేపు ఇంటర్వ్యూకి వెళ్ళే యువకుడు ఒకనాడు దానం అందుకుంటున్న ముఖంగానే వెతికినవారికి కనిపించాలా? ఫోటోకంటే జాబితా ఇంకా ప్రమాదం. ఒక బడిలో స్కాలర్‌షిప్ జాబితాను తరగతి గ్రూపులోనే పెట్టారు. అందులో పిల్లల పేరు, కులం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అన్నీ ఉన్నాయి. కాలమ్ చూసి మరునాడు తరగతిలో మాటలు మారాయి. పెట్టినవారికి అది ఒక క్లిక్కు. ఆ పిల్లలకు ఏడాదంతా ఆ మాటల మధ్యనే కూర్చోవడం.

2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని ప్రతి ఒక్కరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. 2025 నవంబరులో దీని నిబంధనలు వెలువడ్డాయి, అమలు దశలవారీగా ఉంటుంది. చదువు, పిల్లల భద్రత కోసం చేసే పనులకు విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. చట్టం సంగతి ఎలా ఉన్నా, నేను ఉపాధ్యాయుడినయ్యాక పిల్లల పనిని ఫోటో తీస్తాను, ముఖాన్ని అడిగి తీస్తాను. వాడు వద్దంటే ఎందుకని అడగను. జాబితా ఆఫీసుకు పంపవలసి వస్తే ఆఫీసుకే పంపుతాను.

ఈ సంచిక పీడీఎఫ్‌ను పూర్వ విద్యార్థుల గ్రూపులో కూడా పెడతారని విన్నాను. సంపాదకవర్గం తమ్ముళ్ళకు ఒక విన్నపం. గ్రూపు ఫోటో కింద పేర్లు వేయదలిస్తే ముందు ఒక్కొక్కరినీ అడగండి. ఊరు, ఇంటి ఫోను నంబర్లు ఉన్న చిరునామాల పట్టిక మాత్రం పీడీఎఫ్‌లో వద్దు. ఆఫీసు రూములో ఒక పుస్తకంలో ఉంచితే కావలసిన అన్నలు వచ్చి చూసుకుంటారు.

దసరా సెలవులకు ముందు ఒక ఆదివారం హాస్టలుకు వస్తాను. మోటారు చేయడానికి రాగి తీగ నేను తెస్తాను. పాత స్పీకర్ల అయస్కాంతాలు, పిన్నీసులు మీరు వెతికిపెట్టండి.